బొటనవేలి కింద బంతి: ట్రాక్‌బాల్‌తో తొమ్మిదేళ్లు

అందరికీ నమస్కారం. మాటలు మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేసి చూపిస్తాను. ముందు వరుసలో ఉన్నవాళ్లు కాస్త ఇటు వంగి చూడండి. ఇది నేను రోజూ వాడే ట్రాక్‌బాల్, అంటే మౌస్‌కు బదులు బంతిని తిప్పి కర్సర్‌ను జరిపే పరికరం. తిరగేస్తే అడుగున చిన్న రంధ్రం కనిపిస్తుంది. అందులో పెన్సిల్ వెనక కొన పెట్టి తోస్తున్నాను. ఇదిగో, బంతి చేతిలోకి వచ్చేసింది. అడ్డంగా కొలిస్తే 34 మిల్లీమీటర్లు ఉంటుంది. పిల్లలు ఆడుకునే గోలీకి రెండింతలు అనుకోండి. ఇప్పుడు బంతి కూర్చునే గుంటలోకి చూడండి. మూడు చోట్ల ఆవగింజంత పూసలు ఉన్నాయి. ఒక్కో పూస చుట్టూ బూడిద రంగులో నూగు ముద్ద కట్టింది కదా? దీన్ని శుభ్రం చేసి ఎనిమిది రోజులే అయింది.

ఈ నూగు సంగతి మళ్లీ చెప్తాను. ప్రస్తుతానికి బంతిని ఇలా బల్లమీద పెడుతున్నాను.

నేను పుస్తకాలకు పేజీలు కూర్చే పని చేస్తాను. అక్షరాలు, బొమ్మలు, గీతలు జరుపుకుంటూ రోజుకు ఏడెనిమిది గంటలు తెర ముందే గడుస్తాయి. తొమ్మిదేళ్ల కిందట మామూలు మౌస్ మానేసి వైర్‌లెస్ ట్రాక్‌బాల్ పట్టుకున్నాను. బొటనవేలితో తిప్పేవాటిలో ఇది నాకు రెండోది. ఇవాళ మాట్లాడమని పిలిచినప్పుడు, "ట్రాక్‌బాల్‌తో చేతినొప్పి తగ్గుతుందా లేదా, అది చెప్పండి చాలు" అన్నారు. నా జవాబు ఇది. మణికట్టు నొప్పి తగ్గింది. మూడో ఏడు వచ్చేసరికి బొటనవేలు నొప్పి పట్టింది. రెండిటికీ కారణం ఈ పరికరమే. మొదటి సంగతి అందరూ చెప్తారు. కొనాలనుకునేవాళ్లకు రెండోది కూడా ముందే తెలియాలని నా తాపత్రయం.

మౌస్‌తో ఏం జరుగుతుందో చూద్దాం. మీ కుడి అరచెయ్యి ఒకసారి బల్లమీద బోర్లా పెట్టండి. ముంజేతిలో రెండు ఎముకలు ఉంటాయి. అరచెయ్యి పైకి ఉన్నప్పుడు అవి పక్కపక్కనే ఉంటాయి. బోర్లా తిప్పగానే బొటనవేలి వైపు ఎముక రెండోదాని మీదుగా అడ్డం పడుతుంది. మౌస్ పట్టుకున్నంతసేపూ చెయ్యి అలా మెలిపడే ఉంటుంది. దానికి తోడు మణికట్టు కొంచెం పైకి లేచి, చిటికెనవేలి వైపు వంగుతుంది. మణికట్టులో ఒక ఇరుకైన దారి ఉంది. అందులోంచే వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులూ (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి), ఒక నరమూ వెళ్తాయి. మణికట్టు వంగినకొద్దీ ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది. నాకు సాయంత్రమయ్యేసరికి మణికట్టు బయటి అంచున సలుపు మొదలయ్యేది. తాళం తిప్పాలన్నా ఎడమ చెయ్యి వాడే పరిస్థితి వచ్చింది. చూపించుకోవడానికి వెళ్తే డాక్టర్ గారు ముందు అడిగింది నొప్పి గురించి కాదు. "మీరు మౌస్ ఎలా పడతారో ఈ బల్లమీద చూపించండి" అన్నారు. చూపించాను. మణికట్టును బల్ల అంచుకు ఆనించి, అక్కడినుంచి చేతిని అటూ ఇటూ ఊపుతున్నానని అప్పుడే నాకూ తెలిసింది.

ట్రాక్‌బాల్‌లో పరికరం కదలదు, ముంజెయ్యి కదలదు. బంతి ఒక్కటే తిరుగుతుంది. పైగా చాలావాటిలో పైభాగం బొటనవేలి వైపు ఎత్తుగా ఉంటుంది కాబట్టి అరచెయ్యి పూర్తిగా బోర్లా పడదు, కరచాలనం చేసే భంగిమకు కొంత దగ్గరగా వస్తుంది. 2017లో వచ్చిన లాజిటెక్ ఎంఎక్స్ ఎర్గో అనే ట్రాక్‌బాల్‌కైతే అడుగున అయస్కాంతంతో అతుక్కునే లోహపు పలక ఇచ్చారు. దానిమీద పరికరాన్ని 20 డిగ్రీలు వాల్చుకోవచ్చు. ఇరవై డిగ్రీలు ఏం పెద్ద తేడా అనిపిస్తుంది. రోజంతా పనిచేసి చూస్తే భుజం వరకూ ఆ తేడా తెలుస్తుంది.

మొదటి రెండు వారాలు మాత్రం నరకం. ఈ మాట అతిశయోక్తి కాదు. తెర మూలన ఉండే చిన్న ఇంటూ గుర్తు మీద కర్సర్ ఆపాలంటే నాలుగుసార్లు దాటిపోయేది. వెనక్కి తెస్తే ఇటు దాటిపోయేది. పట్టి లాగే పని ఇంకా కష్టం. ఒక బొమ్మను పట్టుకుని పక్క పేజీకి లాగాలంటే చూపుడువేలితో బటన్ నొక్కి ఉంచాలి, అదే సమయంలో బొటనవేలితో బంతి తిప్పాలి. ఒకే చేతిలో ఒక వేలు బిగుసుకుని, పక్క వేలు వదులుగా ఉండాలన్నమాట. చెయ్యి ఒప్పుకోదు. సగం దారిలో బటన్ జారిపోయి బొమ్మ ఎక్కడో పడేది. ఇది నా ఒక్కడి చేతకానితనం అనుకుని బాధపడ్డాను. తర్వాత తెలిసింది, 1991లోనే స్కాట్ మెకెంజీ, ఎబిగెయిల్ సెల్లెన్, విలియం బక్స్‌టన్ అనే ముగ్గురు పరిశోధకులు మౌస్‌నూ, పలకమీద రాసే పెన్నునూ, ట్రాక్‌బాల్‌నూ పక్కపక్కన పెట్టి పరీక్షించారట. ట్రాక్‌బాల్ అన్నిటికన్నా వెనకబడింది. లాగే పనిలో తప్పులు మరీ ఎక్కువ. వాళ్లు చెప్పిన కారణం కూడా అదే: బంతిని తిప్పే వేళ్లూ, బటన్ నొక్కే వేళ్లూ ఒకదాని పనికి ఒకటి అడ్డొస్తాయి. అది చదివాక మనసు కుదుటపడింది.

దానికి విరుగుడు మూడు రకాలుగా దొరికింది. విండోస్‌లో క్లిక్‌లాక్ అని ఒక సదుపాయం ఉంది. బటన్‌ను ఒక్క క్షణం నొక్కి వదిలితే, నొక్కే ఉంచినట్టు లెక్క. మళ్లీ నొక్కేదాకా వస్తువు కర్సర్‌కు అంటుకుని వస్తుంది. రెండోది, బొమ్మను దరిదాపుల్లో వదిలేసి చివరి సవరింపు కీబోర్డు బాణం గుర్తులతో చేసుకోవడం. నా పనిలో ఇది మౌస్ కన్నా కచ్చితం. మూడోది కర్సర్ వేగం. కొత్తవాళ్లు కర్సర్ దాటిపోతోందని వేగం బాగా తగ్గించేస్తారు. నేనూ అదే చేశాను. అప్పుడు తెర ఈ చివరినుంచి ఆ చివరికి పోవాలంటే బొటనవేలు ఐదారుసార్లు బంతిని గీరాలి. బొటనవేలికి చేటు చేసింది ఆ గీరుడే. వేగం పెంచుకుని, సన్నటి పనికి మాత్రం నెమ్మది చేసే బటన్ ఉంటే దాన్ని వాడండి. లేకపోతే తెరమీద పేజీనే పెద్దది చేసుకోండి.

మూడో వారంలో ఒక రోజు ఫోన్‌లో మాట్లాడుతూ పనిచేస్తున్నాను. మాట అయిపోయాక చూస్తే పేజీ మొత్తం సర్దేశాను. బంతి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. చెయ్యి నేర్చుకున్నదని అప్పుడు తెలిసింది.

చాలామంది ట్రాక్‌బాల్‌ను మౌస్ తర్వాత ఎవరో కనిపెట్టిన వింత వస్తువు అనుకుంటారు. వరస అటు ఇటైంది. 1946లో బ్రిటన్‌లో రాల్ఫ్ బెంజమిన్ అనే ఇంజనీరు, నౌకాదళపు రాడార్ తెరమీద గుర్తును జరపడానికి తిరిగే బంతిని తయారుచేశారు. అది సైనిక రహస్యం కాబట్టి బయటికి పొక్కలేదు. 1952లో కెనడా నౌకాదళం కోసం డేటార్ అనే వ్యవస్థ కట్టినప్పుడు టామ్ క్రాన్‌స్టన్, ఫ్రెడ్ లాంగ్‌స్టాఫ్, కెన్యన్ టేలర్ అక్కడి ఐదు పిన్నుల బౌలింగ్ ఆటలో వాడే బంతినే తెచ్చి పెట్టారు. అంత పెద్ద బంతి! అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరు బృందంలో మౌస్ తొలి నమూనా తయారైంది 1964లో. దాని అడుగున బంతి కాదు, రెండు చక్రాలు ఉండేవి. 1968లో జర్మనీలో టెలిఫుంకెన్ వాళ్లు రాడార్ పనికి వాడే ట్రాక్‌బాల్‌నే తలకిందులు చేసి బల్లమీద దొర్లించారు. మన చిన్నప్పుడు వాడిన బంతి మౌస్ ఉందే, అది అదే తరహా. అంటే ఆ మౌస్ తిరగేసిన ట్రాక్‌బాల్. నాకు ఈ కథ ఎంత చెప్పినా తనివి తీరదు గానీ, ఇప్పటికి ఆపుతాను.

ఇక నూగు. బంతి గుంటలో దేనికీ తగలకుండా ఆ మూడు పూసల మీదే కూర్చుంటుంది. కొన్నిట్లో ఆ పూసలు కృత్రిమ కెంపుతో చేస్తారు, కొన్నిట్లో సిరామిక్, కొన్నిట్లో ఉక్కు. పక్కన చిన్న కిటికీలోంచి సెన్సర్ బంతి తలాన్ని చూస్తూ ఉంటుంది. బంతిమీద మెరిసే చుక్కలు అందానికి పెట్టారనుకుంటాం, చాలావాటిలో సెన్సర్ కదలిక పసిగట్టేది వాటిని చూసే. బొటనవేలి చెమట, జిడ్డు, చర్మం పొట్టు, బట్టల పీచు బంతికి అంటుకుని లోపలికి వెళ్తాయి. బంతిని ఆనుకుని ఉన్నవి ఆ మూడు పూసలే కాబట్టి అన్నీ అక్కడే గీసుకుని ముద్ద కడతాయి. అప్పుడు బంతి ఎలా ఉంటుందో చెప్తాను. సాఫీగా తిరుగుతూ తిరుగుతూ ఒక్కచోట పట్టేస్తుంది. ఇంకొంచెం తోస్తే ఒక్కసారిగా జారుతుంది. కర్సర్ మనం అనుకున్న అక్షరం దగ్గర ఆగదు, దూకుతుంది. "పాడైపోయింది" అని పక్కన పడేసిన ట్రాక్‌బాల్‌లు రెండు నా దగ్గరికి వచ్చాయి. రెండిటినీ బాగుచేసింది ఒక అగ్గిపుల్ల.

చూడండి, ఇప్పుడు చేస్తాను. అగ్గిపుల్ల కొనతో పూస చుట్టూ మెల్లగా తిప్పితే ముద్ద ఒక్క పెళ్లగా లేస్తుంది. లోహపు సూదులు, పిన్నులు వద్దు. పూసకు గీత పడితే బంతి ఎప్పటికీ గరగరమంటుంది. మూడూ అయ్యాక సెన్సర్ కిటికీని పొడి ఇయర్‌బడ్‌తో ఒక్కసారి తుడవాలి. బంతిని మెత్తటి బట్టతో తుడిస్తే చాలు. ఇక్కడ ఒక విషయం. బంతిని సబ్బుతో తళతళలాడేలా కడిగి పెడితే ముందుకన్నా బిగుసుకుపోతుంది. వేలినుంచి అంటే పలుచని జిడ్డే దానికి నూనెలా పనిచేస్తుంది. అందుకే కొత్త బంతి మొదటి రోజుల్లో మొండికేస్తుంది. నేను కడిగిన ప్రతిసారీ బంతిని రెండు అరచేతుల మధ్య కాసేపు దొర్లించి అప్పుడు పెడతాను. వంటనూనెలు, యంత్రాలకు వేసే నూనెలు మాత్రం పొయ్యకండి. దుమ్మును పిలిచి కూర్చోబెట్టినట్టే. ఇదిగో, అయిపోయింది. ఒక నిమిషం కూడా పట్టలేదు. నేను వారానికోసారి, పని మొదలుపెట్టేముందు చేస్తాను.

ఇప్పుడు నేను ఇక్కడికి ఏ మాట చెప్పడానికి వచ్చానో దానికి వస్తాను.

మూడో ఏట పెద్ద పని ఒకటి తలకెత్తుకున్నాను. బొమ్మలతో నిండిన వెయ్యి పేజీల పుస్తకం. మణికట్టు నొప్పి మాయమై రెండేళ్లయింది కాబట్టి నాకు భయం పోయింది. మధ్యలో లేవడం మానేశాను. ఒక రోజు సీసా మూత తిప్పుతుంటే బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్క ఎముక దగ్గర, కత్తితో గీసినట్టయింది. వారం ఊరుకున్నాను. తర్వాత చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా కష్టమైంది. మళ్లీ డాక్టర్ దగ్గరికి. బొటనవేలిని గుప్పిట్లో మూసి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచమన్నారు. వంచగానే కేక పెట్టాను.

బొటనవేలిని దూరంగా జరిపే స్నాయువు ఒకటి, పైకి చాపే స్నాయువు ఒకటి, రెండూ మణికట్టు దగ్గర ఒకే గొట్టం లాంటి తొడుగులోంచి వెళ్తాయి. ఆ తొడుగు మందమైతే స్నాయువులు అందులో రాసుకుంటాయి. దీన్ని 1895లో ఫ్రిట్జ్ డి కెర్వాన్ అనే స్విస్ సర్జన్ వివరించారు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. పసిపిల్లల్ని మాటిమాటికీ ఎత్తుకునే తల్లులకు ఎక్కువగా వస్తుంది. నాకు రోజంతా బంతి గీరడంతో పని పెరిగింది సరిగ్గా ఆ రెండు స్నాయువులకే. మౌస్ వాడేటప్పుడు మణికట్టూ, మోచెయ్యీ, భుజమూ పంచుకున్న పనిని నేను తీసుకెళ్లి ఒక్క బొటనవేలి నెత్తిన పెట్టాను. బరువు దిగలేదు, చోటు మారింది. ఈ మాట ఎవరూ నాకు ముందు చెప్పలేదు. అందుకే మీకు చెప్తున్నాను.

మూడు వారాలు బొటనవేలికి పట్టీ వేసుకుని ఎడమచేత్తో పనిచేశాను. తగ్గాక ట్రాక్‌బాల్ మానలేదు. వాడే తీరు మార్చుకున్నాను. ముందుగా, బొటనవేలి కొనతో తోయడం మానేశాను. కొన వాడితే వేలు కొక్కెంలా వంగుతుంది. వేలి మెత్త బంతిమీద ఊరికే వాలి ఉండాలి, తాకీ తాకనట్టు తిప్పాలి. పని లేనప్పుడు బొటనవేలిని బంతిమీదే గాల్లో నిలబెట్టే అలవాటు నాకుండేది. దాన్ని వదిలించుకోవడానికి నెల పట్టింది. ఇప్పుడు చదువుతున్నంతసేపూ చెయ్యి ఒళ్లో ఉంటుంది. కాపీ, పేస్ట్, సేవ్ లాంటి వాటికి ట్రాక్‌బాల్ జోలికే పోను, అన్నీ కీబోర్డుమీదే.

అన్నిటికన్నా మేలు చేసింది ఇంకొకటి. ఇదిగో ఈ రెండోది చూడండి. దీని బంతి పెద్దది, 55 మిల్లీమీటర్లు, మధ్యలో ఉంటుంది. కెన్సింగ్టన్ వాళ్లు ఈ తరహావి 1980ల నుంచీ చేస్తున్నారు. దీన్ని చూపుడువేలు, నడిమివేలు కలిసి తిప్పుతాయి. ఆకారం రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఏ చేత్తోనైనా వాడొచ్చు. దీన్ని కీబోర్డుకు ఎడమపక్కన పెట్టుకున్నాను. పొద్దున కుడిచెయ్యి, మధ్యాహ్నం ఎడమచెయ్యి. ఎడమచెయ్యి కుదురుకోవడానికి నెల పట్టిన మాట నిజమే. కానీ గత ఆరేళ్లలో ఆ నొప్పి మళ్లీ రాలేదు. పెద్ద బంతికి ఇంకో సుఖం ఉంది. ఒక్క తోపు తోసి వేళ్లు ఎత్తేస్తే దాని ఊపులో అదే తిరుగుతుంది, కర్సర్ ఒక మానిటర్ దాటి రెండోదానిలోకి పోతుంది.

వైర్‌లెస్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, ఇబ్బంది పెట్టింది ఒక్కసారే. కొత్త కంప్యూటర్ పెట్టాక కర్సర్ ఆగి ఆగి కదలసాగింది. బ్యాటరీ మార్చాను, పూసలు తుడిచాను, లాభం లేదు. చివరికి తేలిందేమిటంటే, డాంగిల్ (ట్రాక్‌బాల్ సంకేతాలు అందుకోవడానికి కంప్యూటర్‌కు గుచ్చే చిన్న ముక్క) పక్క యూఎస్‌బీ 3.0 పోర్టులో హార్డ్‌డిస్క్ ఉంది. ఆ రకం పోర్టులు, కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి, డాంగిల్ మాట్లాడేదీ ఆ చోటే. 2012లో ఇంటెల్ దీనిమీద ఒక పత్రమే వెలువరించింది. ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు తగిలించి డాంగిల్‌ను ట్రాక్‌బాల్ పక్కకు తెచ్చాను, అంతటితో పోయింది. బ్యాటరీ విషయంలో ట్రాక్‌బాల్ వాడేవాళ్లు అదృష్టవంతులు. పెన్సిల్ బ్యాటరీ ఒక్కటి వేస్తే నాకు ఏడాదికి పైనే వస్తోంది.

ఏళ్ల తరబడి వాడితే రెండు జబ్బులు వస్తాయి. ఒకటి, ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు పడటం. నా మొదటిదానికి నాలుగో ఏట వచ్చింది. బటన్ కింద ఉన్న చిన్న స్విచ్చిలో రాగి రేకు అరిగి, దానిమీద పొర కట్టి, తగిలీ తగలనట్టు తగులుతుంది. ఫైలు ఒకటి తెరిస్తే రెండు తెరుచుకుంటాయి, లాగుతున్నది మధ్యలో జారిపోతుంది. సోల్డరింగ్ వచ్చినవాళ్లు పాత స్విచ్చి పీకి కొత్తది వేస్తారు. నాకు ఒక స్నేహితుడు వేసిచ్చాడు, ఇంకో రెండేళ్లు పనిచేసింది. రెండోది, చెయ్యి ఆనే చోట మెత్తటి రబ్బరు పూత జిగురుగా మారడం. గాల్లోని తేమకు ఆ పూత నెమ్మదిగా విడిపోతుంది. మీరు శుభ్రంగా లేరని కాదు, ఆ పదార్థం తత్వమే అంత. స్పిరిట్‌తో రుద్దితే పూత మొత్తం ఊడి కింద గట్టి ప్లాస్టిక్ తేలుతుంది. చూడ్డానికి బాగుండదు, చేతికి హాయిగా ఉంటుంది. అందుకే ఈసారి రబ్బరు పూత లేనిది చూసి తీసుకున్నాను.

ఇంకా సమయం ఉందన్నారు, ప్రశ్నలు అడగండి.

(సభలోంచి: ఎడమచేతివాటం వాళ్లకు బొటనవేలి బంతి దొరుకుతుందా అండీ?)

చాలా తక్కువండీ. బొటనవేలితో తిప్పేవి దాదాపు అన్నీ కుడిచేతికి మలిచినవే. ఎలెకామ్ లాంటి ఒకటి రెండు కంపెనీలు ఎడమచేతివి చేశాయి. నన్నడిగితే మీరు మధ్యలో పెద్ద బంతి ఉన్నదానికే వెళ్లండి. బొటనవేలు కూడా బతికిపోతుంది.

(ఇంకొకరు: నాకు ఇప్పటికే బొటనవేలు నొప్పిగా ఉంది. ట్రాక్‌బాల్ కొనమంటారా?)

బొటనవేలితో తిప్పేది వద్దమ్మా. ఆ ఒక్కటీ వద్దు. ఫోన్ కూడా బొటనవేలితోనే టైప్ చేస్తారు కదా, పొద్దంతా బంతి, రాత్రంతా ఫోన్ అంటే ఆ వేలికి విశ్రాంతి ఎక్కడుంది? ముందు డాక్టర్‌కు చూపించుకోండి. తర్వాత, వేళ్లతో తిప్పే పెద్ద బంతిది ఎవరి దగ్గరైనా అడిగి తీసుకుని రెండు వారాలు వాడండి. రెండు రోజులు వాడి నిర్ణయించుకోకండి, మొదటి రెండు రోజులు ఎవరికీ నచ్చదు.

(సభలోంచి: బొమ్మలు గీయడానికి పనికొస్తుందా?)

గీత గీయడానికి పనికిరాదు. బంతితో వంపు సాఫీగా రాదు. నేనూ పెన్ను, పలక వాడతాను. గీసినదాన్ని సర్దడానికి మాత్రం ట్రాక్‌బాలే.

ఇక వేరే కార్యక్రమం ఉందంటున్నారు. ఈ రెండిటినీ ఇక్కడ బల్లమీదే ఉంచుతున్నాను, లాప్‌టాప్‌కు కలిపే ఉన్నాయి. వెళ్లేముందు ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి పెట్టి చూడండి. కూర్చునే చూడండి, నిలబడి పడితే మణికట్టు వంగుతుంది, అసలు సంగతి తెలియదు. బంతి తీసి చూడాలనుకుంటే పెన్సిల్ పక్కనే పెట్టాను.